యురేనియం మండదు, దయచేసి అలా రాయకండి

సంపాదకుల వారికి,

నమస్కారం. పోయిన వారం మీ పత్రికలో అణు విద్యుత్ మీద అర పేజీ కథనం వచ్చింది. అందులో ఒక చోట "యురేనియాన్ని మండించి నీటిని ఆవిరి చేస్తారు" అని రాశారు. కింద బాక్సులో "రియాక్టర్ అంటే అదుపులో పెట్టిన అణుబాంబు" అని రాశారు. రెండూ తప్పే. చిన్న తప్పులే కదా అని వదిలేద్దామనుకున్నాను గానీ రెండు రోజులు అదే మనసులో తిరుగుతోంది, అందుకే రాస్తున్నాను. కాస్త పొడుగైనా మొత్తం వేయండి.

నేను కడప జిల్లాలో జూనియర్ కాలేజీల్లో 31 ఏళ్లు ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యాను. ఇప్పుడు హైదరాబాద్‌లో ఈసీఐఎల్ వైపు మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను. మా సొంత ప్రాంతంలో, పులివెందుల పక్కన వేముల మండలంలో తుమ్మలపల్లె యురేనియం గని ఉంది. ఇక్కడేమో పొద్దున వాకింగ్‌కు పోతే న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ గోడ కనిపిస్తుంది, 1971 నుంచి మన దేశపు రియాక్టర్లకు ఇంధనం తయారయ్యేది ఆ గోడ లోపలే. ఆ రియాక్టర్లకు కావాల్సిన భారజలం, అంటే మామూలు నీటి కంటే బరువైన ఒక రకం నీరు, తయారు చేసే ఫ్యాక్టరీల్లో ఒకటి మణుగూరు దగ్గర గోదావరి ఒడ్డున ఉంది. రాయి, ఇంధనం, భారజలం మూడూ తెలుగు నేల మీదే ఉన్నాయి, కానీ ఆ రాయి కరెంటుగా ఎలా మారుతుందో వరసగా తెలుగులో చెప్పిన వ్యాసం మాత్రం నాకు దినపత్రికల్లో దొరకలేదు. ఇంటర్ పుస్తకంలో ఒక పాఠం ఉంది, పరీక్ష అవ్వగానే పిల్లలు దాన్ని మరిచిపోతారు.

ముందు "మండించడం" సంగతి. కట్టెయినా బొగ్గయినా మండటం అంటే ఆక్సిజన్‌తో కలవడం. బొగ్గు కాలాక కూడా కార్బన్ పరమాణువు కార్బన్‌గానే ఉంటుంది, కార్బన్ డయాక్సైడ్‌గా వేషం మార్చి పొగ గొట్టంలోంచి పోతుంది, అంతే. పరమాణువు లోపల కేంద్రకాన్ని ఎవరూ తాకరు. రియాక్టర్‌లో పని జరిగేది ఆ కేంద్రకంలోనే. న్యూట్రాన్ అనే చిన్న కణం ఒకటి పోయి యురేనియం 235 అనే రకం కేంద్రకంలో చొరబడితే అది తట్టుకోలేక రెండు ముక్కలవుతుంది. ఒక ముక్క బేరియం కావచ్చు, ఇంకోటి క్రిప్టాన్ కావచ్చు, వేరే జంటలు కూడా కావచ్చు. అక్కడ ఇక యురేనియం లేదు. ముక్కలన్నీ కలిపి తూస్తే మొదటి బరువు కంటే వెయ్యిలో ఒక వంతు దాకా తక్కువ వస్తుంది, ఆ తగ్గిన బరువే శక్తిగా బయటికి వస్తుంది. ఒక గ్రాము యురేనియం 235 పూర్తిగా చీలితే వచ్చే వేడి, మేలు రకం బొగ్గు దాదాపు మూడు టన్నులు కాల్చితే వచ్చే వేడికి సమానం. ఇందులో మంట లేదు, ఆక్సిజన్ లేదు, పొగ లేదు. అలాంటి దానికి "మండించి" అని రాస్తే, చదివిన పిల్లవాడు పొయ్యిలో యురేనియం వేస్తారని అనుకుంటాడు. నా క్లాసులో అలా అనుకున్న పిల్లలు ఏటా ఉండేవాళ్లు.

ఈ చీలడం అనే సంగతి బయటపడింది 1938 డిసెంబరులో. బెర్లిన్‌లో ఓటో హాన్, స్ట్రాస్‌మన్ అనే రసాయన శాస్త్రవేత్తలు యురేనియాన్ని న్యూట్రాన్లతో కొట్టి చూస్తే బేరియం కనపడింది. ఎలా వచ్చిందో వాళ్లకు అర్థం కాక స్వీడన్‌లో ఉన్న లీసా మైట్నర్‌కు ఉత్తరం రాశారు. ఆమె వాళ్లతో ఏళ్ల తరబడి కలిసి పనిచేసిన మనిషి, యూదు కుటుంబంలో పుట్టినందుకు ఆ ఏడాదే జర్మనీ వదిలి పారిపోవాల్సి వచ్చింది. ఆమె, ఆమె అక్క కొడుకు ఫ్రిష్ కలిసి, కేంద్రకం నీటి బొట్టులా సాగి రెండుగా తెగిపోతోందని లెక్క కట్టి చెప్పారు. నోబెల్ మాత్రం హాన్ ఒక్కడికే ఇచ్చారు. ఇది నేను ప్రతి ఏడాదీ క్లాసులో చెప్పేవాణ్ని, ముఖ్యంగా ఆడపిల్లలకు తెలియాలని.

ఇక అసలు చిక్కు ఎక్కడుందో చెప్తాను. భూమిలో దొరికే యురేనియంలో వెయ్యి పరమాణువులు తీసుకుంటే అందులో సులువుగా చీలే 235 రకం ఏడే ఏడు. మిగతా 993 రకం 238, అవి న్యూట్రాన్‌ను మింగి కూర్చుంటాయి. ఒక కేంద్రకం చీలితే రెండో మూడో న్యూట్రాన్లు బయటికి వస్తాయి, వాటిలో కనీసం ఒకటి పోయి ఇంకో 235ను చీల్చాలి, అప్పుడే గొలుసు తెగకుండా సాగుతుంది. కానీ పుట్టినప్పుడు ఆ న్యూట్రాన్ వేగం సెకనుకు 20 వేల కిలోమీటర్లు. అంత వేగంలో అది 235కు చిక్కదు, పక్కకు జారిపోతుంది, లేదా 238 మింగేస్తుంది. దాన్ని సెకనుకు రెండు కిలోమీటర్ల చిల్లరకు తేవాలి. ఆ పని చేసే పదార్థాన్ని మన పాఠ్యపుస్తకాల్లో మితకారి అంటారు.

పిల్లలకు ఇది గోళీలతో చెప్పేవాణ్ని. గోళీని గోడకు కొడితే దాదాపు అదే వేగంతో వెనక్కి వస్తుంది. అదే సైజు ఇంకో గోళీకి కొడితే తన ఊపంతా దానికి ఇచ్చేసి నిలబడిపోతుంది. న్యూట్రాన్ కూడా అంతే, తన బరువుకు దగ్గర బరువున్న వాటిని గుద్దుకుంటేనే నెమ్మదిస్తుంది. ఆ లెక్కన మామూలు నీళ్లలోని హైడ్రోజన్ అన్నిటికంటే మేలు. అయితే హైడ్రోజన్‌కు ఒక చెడ్డ గుణం ఉంది, న్యూట్రాన్‌ను నెమ్మది చేయడంతో ఆగదు, అప్పుడప్పుడూ తనే మింగేస్తుంది. వెయ్యికి ఏడు మాత్రమే ఉన్న ఇంధనంలో ఆ నష్టం భరించలేం. అందుకే అమెరికా, రష్యా రియాక్టర్లలో చాలా వరకు మామూలు నీళ్లే వాడతారు గానీ యురేనియాన్ని ముందే శుద్ధి చేసి 235 వాటాను మూడు నుంచి ఐదు శాతం దాకా పెంచుకుంటారు. 1969లో మొదలైన మన తారాపూర్ మొదటి రెండు యూనిట్లూ, తమిళనాడులోని కూడంకుళమూ ఆ దారివే. మిగతా మన రియాక్టర్లు చాలా మటుకు, కైగా, కల్పాక్కం, కాక్రపార్, రాజస్థాన్‌లోని రావత్‌భాటా, నరోరా, భారజలం వాడతాయి. భారజలంలో హైడ్రోజన్ బదులు దానికి రెట్టింపు బరువుండే డ్యుటీరియం ఉంటుంది. అది న్యూట్రాన్లను నెమ్మది చేస్తుంది కానీ మింగడం చాలా తక్కువ, దాంతో భూమిలో దొరికిన యురేనియాన్ని వాటా పెంచకుండా ఉన్నదున్నట్టే వాడుకోవచ్చు. అయితే మామూలు నీళ్లలో డ్యుటీరియం ఆరేడు వేల హైడ్రోజన్ పరమాణువులకు ఒకటి చొప్పునే ఉంటుంది. మణుగూరు ఫ్యాక్టరీలో గోదావరి నీళ్లలోంచి హైడ్రోజన్ సల్ఫైడ్ సాయంతో మెట్టు మెట్టుగా ఏరేది దాన్నే. కుళ్లిన గుడ్ల వాసన వేసే ఆ విష వాయువుతో ఏళ్ల తరబడి అక్కడ పనిచేస్తున్న వాళ్ల గురించి మీరు ఒక్క ఆదివారం ఫీచర్ వేసినా బాగుంటుంది.

రాయి నుంచి ఇంధనం దాకా జరిగేది ఇది. తుమ్మలపల్లెలో యురేనియం ఉన్నది సున్నపు గుణం ఉన్న డోలమైట్ రాయిలో. జార్ఖండ్‌లోని జాదుగూడలో లాగా ఆసిడ్ పోస్తే ఆసిడ్ మొత్తాన్ని ఆ రాయే తినేస్తుంది. అందుకని ఇక్కడ రాయిని పిండి చేసి, సోడియం కార్బొనేట్, బైకార్బొనేట్ కలిపిన నీళ్లలో ఆక్సిజన్‌తో బాగా వేడి మీద, ఒత్తిడి మీద ఉడికిస్తారు. యురేనియం ఆ ద్రావణంలోకి దిగుతుంది, దాన్ని పసుపు పొడిగా రాబట్టి హైదరాబాద్ పంపుతారు. ఇక్కడ దాన్ని నైట్రిక్ ఆసిడ్‌లో కరిగించి మలినాలన్నీ తీసి, చివరికి యురేనియం డయాక్సైడ్ అనే నల్లటి పొడి చేసి, ఆ పొడిని బిళ్లలుగా అచ్చు వేసి 1700 డిగ్రీల వేడిలో కాలుస్తారు. మట్టి కుండను ఆవంలో కాల్చినట్టే, బిళ్ల గట్టి పింగాణీ ముక్క లాగా తయారవుతుంది. అలాంటి బిళ్లల్ని జిర్కోనియం లోహంతో చేసిన సన్న గొట్టాల్లో పేర్చి రెండు వైపులా మూతలు వేసి అతికిస్తారు. 220 మెగావాట్ల రియాక్టరుకైతే 19 గొట్టాలు కలిపి ఒక బండిల్. పొడవు అర మీటరు, బరువు పదహారు కిలోల చిల్లర. కొత్త బండిల్‌ను గ్లౌజులు వేసుకుని చేత్తో పట్టుకోవచ్చు, ప్రమాదం లేదు. అదే బండిల్ రియాక్టర్‌లో ఏడాదికి పైగా ఉండి బయటికి వస్తే, అడ్డం ఏమీ లేకుండా దాని పక్కన కాసేపు నిలబడ్డ మనిషి బతకడు. ఈ తేడా మీ కథనంలో లేదు, ఉండి తీరాలి.

220 మెగావాట్ల రియాక్టర్‌లో అడ్డంగా 306 పెద్ద గొట్టాలుంటాయి, ఒక్కోదాంట్లో 12 బండిళ్ల చొప్పున 3,672 బండిళ్లు. రియాక్టర్ ఆపకుండానే ఒక వైపు నుంచి కొత్తది తోసి ఇంకో వైపు నుంచి పాతది తీసే యంత్రాలు ఉంటాయి. చీలడం వల్ల పుట్టిన వేడిని ఆ గొట్టాల్లో పారే భారజలం తీసుకుంటుంది, దాదాపు 300 డిగ్రీలకు చేరుతుంది, అయినా గట్టి ఒత్తిడిలో ఉంటుంది కాబట్టి మరగదు. అది పోయి స్టీమ్ జనరేటర్లో మామూలు నీళ్లను మరిగిస్తుంది, ఆ ఆవిరి నిమిషానికి 3,000 సార్లు టర్బైన్‌ను తిప్పుతుంది. అక్కడి నుంచి కొత్తగూడెం థర్మల్ స్టేషన్‌లో జరిగేదే ఇక్కడా జరుగుతుంది, జనరేటరు, ట్రాన్స్‌ఫార్మరు, లైను. పుట్టిన వేడిలో మూడో వంతు కూడా కరెంటు కాదు, మిగతాదంతా నీళ్లలోకి పోతుంది. అందుకే ఈ ప్లాంట్లన్నీ సముద్రం పక్కనో, నదో కాలువో రిజర్వాయరో ఉన్న చోటో కడతారు.

ఒక బండిల్ లెక్క నేను వేసి చూశాను. అందులో యురేనియం 13 కిలోల పైచిలుకు. అది బయటికి వచ్చే లోపు దాని వల్ల సుమారు 6 లక్షల యూనిట్ల కరెంటు వస్తుంది. నెలకు 200 యూనిట్లు వాడే ఇళ్లు 250 ఉంటే వాటికి ఏడాదికి సరిపోతుంది. అదే కరెంటు బొగ్గుతో తీయాలంటే దాదాపు 400 టన్నులు కావాలి, అంటే ఆరేడు రైలు వ్యాగన్లు. ఇది నిజంగా గొప్ప విషయం, నాకు అణు విద్యుత్ మీద ద్వేషం లేదు. బొగ్గు పొగ, బూడిద చెరువులు మన ఊళ్లకు ఏం చేశాయో మనకు తెలుసు.

ఇప్పుడు బాంబు సంగతి. బాంబుకు 235 వాటా 90 శాతం దాకా ఉండాలి. వెయ్యికి ఏడు ఉన్న ఇంధనం ఏం చేసినా బాంబు లాగా పేలదు, వాటా ఐదు శాతానికి పెంచినా పేలదు. ఇంకో సంగతి కూడా ఉంది, దీని గురించి ఎక్కువ మంది రాయరు. చీలినప్పుడు వచ్చే న్యూట్రాన్లన్నీ వెంటనే రావు. వెయ్యిలో ఆరేడు మాత్రం ముక్కల్లోంచి కొన్ని సెకన్లు, ఒక్కోసారి నిమిషం ఆలస్యంగా వస్తాయి. రియాక్టర్‌ను ఎప్పుడూ ఆ ఆలస్యంగా వచ్చే వాటి మీద ఆధారపడేలా నడుపుతారు, అందుకే న్యూట్రాన్లను మింగి గొలుసును అదుపు చేసే కడ్డీలు పైకీ కిందికీ జరపడానికి, మనిషికీ యంత్రానికీ టైం దొరుకుతుంది. ఆ వెయ్యిలో ఆరేడు లేకపోతే ఈ భూమ్మీద ఒక్క రియాక్టర్ కూడా నడిచేది కాదు. ఈ పాఠం చెప్పిన ప్రతిసారీ నాకు ఒళ్లు జలదరించేది, ఇప్పుడు రాస్తున్నా అంతే.

మరి ప్రమాదమే లేదా అంటే, ఉంది. 1986 ఏప్రిల్ 26న చెర్నోబిల్‌లో, 2011 మార్చి 11న ఫుకుషిమాలో జరిగింది మనం చూశాం. రెండూ అణు పేలుళ్లు కావు. ఫుకుషిమాలో భూకంపం రాగానే రియాక్టర్లు ఆగిపోయాయి, గొలుసు తెగిపోయింది. కానీ చీలిన ముక్కలు ఆ తర్వాత కూడా వేడి పుట్టిస్తూనే ఉంటాయి, ఆగిన క్షణంలో అది మొత్తం వేడిలో ఆరేడు శాతం. సునామీ నీళ్లు డీజిల్ జనరేటర్లను ముంచేశాయి, ఇంధనాన్ని చల్లబరచడానికి పంపులకు కరెంటు లేకుండా పోయింది. కరెంటు తయారు చేసే ప్లాంటు కరెంటు లేకే పాడైంది. శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో అణు ప్లాంటు అంటున్నారు కదా, అక్కడి మత్స్యకారులు "బాంబు పేలుతుందా" అని అడిగితే, ఏ అధికారయినా "పేలదు" అని నిజమే చెప్పి చేతులు దులుపుకోవచ్చు. అడగాల్సిన ప్రశ్న, "బయటి కరెంటు మొత్తం పోతే ఎన్ని రోజులు చల్లబరచగలరు, ఎలా?" అని. ఆ ప్రశ్న వాళ్ల నోట రావాలంటే ముందు పత్రికల్లో రావాలి. అందుకే "అదుపులో పెట్టిన అణుబాంబు" అనే మాట మీద నాకు ఇంత కోపం.

2019లో నల్లమల ఉద్యమం అప్పుడు కూడా ఇదే చూశాను. అమ్రాబాద్ అడవిలో యురేనియం కోసం తవ్వి చూస్తారంటే జనం ఎదురు తిరిగారు, తెలంగాణ శాసనసభ ఏకగ్రీవంగా వద్దని తీర్మానం చేసింది. అడవి, పులులు, చెంచులు, కృష్ణా నీళ్లు, వద్దనడానికి ఈ కారణాలు చాలు, నేనూ వాళ్ల వైపే. కానీ ఆ రోజుల్లో నా ఫోన్‌కు వచ్చిన మెసేజ్‌లు నిండా బోరు వేస్తే పేలుడు జరుగుతుందనీ, హైదరాబాద్ మొత్తం ఖాళీ చేయాల్సి వస్తుందనీ. లేనిపోని భయాలు పుట్టిస్తే ఏమవుతుందంటే, రేపు ఒక నిపుణుడు వచ్చి అది అబద్ధమని తేల్చగానే న్యాయమైన కారణాలకు కూడా విలువ పోతుంది.

మన తెలుగు నేల వరకు అసలు భయపడాల్సిన చోటు రియాక్టర్ కాదు, మనకు ఇక్కడ రియాక్టరే లేదు. కైగా నుంచి, కల్పాక్కం నుంచి మనకు కరెంటు వాటా వస్తుంది, అంతే. మన దగ్గర ఉన్నది గని. పైన ఒక బండిల్ లెక్క చెప్పాను కదా, దాని రెండో సగం ఇప్పుడు చెప్తాను. తుమ్మలపల్లె రాయిలో యురేనియం చాలా పలచన, టన్ను రాయికి అర కిలో కూడా ఉండదు. అందులోనూ కొంత చేతికి రాదు. ఆ లెక్కన ఒక్క బండిల్‌కు సరిపడా యురేనియం కోసం నలభై టన్నుల పైమాటే రాయి తవ్వి పిండి చేయాలి. అందులో పదమూడు కిలోలు హైదరాబాద్ బండి ఎక్కుతాయి. నలభై టన్నుల పిండి, దాన్ని ఉడికించిన ఉప్పు నీళ్లతో సహా, ఊరి పక్కన టెయిలింగ్ పాండ్‌లో, అంటే వ్యర్థాల చెరువులో మిగిలిపోతుంది.

యురేనియం తీసేశారు కదా, ఇంకేముంది దాంట్లో అని చాలామంది అనుకుంటారు, నేను మాట్లాడిన చదువుకున్న వాళ్లు కూడా అలాగే అన్నారు. రాయిలో యురేనియం కోట్ల ఏళ్లుగా నెమ్మదిగా క్షీణిస్తూ వేరే మూలకాలుగా మారుతూ ఉంటుంది. థోరియం 230, రేడియం 226, రేడాన్ వాయువు, చివరికి సీసం. మనం తీసుకునేది యురేనియం ఒక్కదాన్నే, దాని సంతానమంతా ఆ పిండిలోనే ఉండిపోతుంది. రాయిలో మొదట ఉన్న రేడియోధార్మికతలో ఎక్కువ భాగం చెరువుకే పోతుంది. థోరియం 230 సగం తగ్గడానికి 75 వేల ఏళ్లు, రేడియం 226 సగం తగ్గడానికి 1,600 ఏళ్లు. అంటే పదహారు వందల ఏళ్లు గడిచినా రేడియం ఇంకా సగం మిగిలే ఉంటుంది. అంత కాలం ఆ చెరువు అడుగున పరిచిన పొర చిరగకూడదు, గట్టు తెగకూడదు, ఎండిన పొడి గాలికి లేవకూడదు. గని ఇరవై ముప్పై ఏళ్లు నడుస్తుంది. ఆ తర్వాత కాపలా ఎవరు, ఎవరి డబ్బుతో? ఈ ప్రశ్న జవాబు తెలుగులో రాతపూర్వకంగా ఎక్కడైనా ఉంటే అచ్చు వేయండి.

చుట్టుపక్కల పల్లెల రైతులు బోరు నీళ్లు మారిపోయాయనీ, అరటి తోటలు దెబ్బతిన్నాయనీ ఏళ్లుగా చెప్తున్నారు. గని నడిపే కంపెనీ కాదంటోంది. కాలుష్య నియంత్రణ మండలి దాకా వెళ్లింది విషయం. ఎవరిది నిజమో తేల్చడానికి నా దగ్గర ప్రయోగశాల లేదు, అందుకే తీర్పు చెప్పడం లేదు. కానీ తేల్చే పద్ధతి మాత్రం కష్టమేమీ కాదు. నీళ్లలో యురేనియం లీటరుకు 30 మైక్రోగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది, మన అణుశక్తి నియంత్రణ మండలి పెట్టుకున్న హద్దు 60. ఈ రెట్టింపు తేడా ఎందుకో కూడా జనానికి చెప్పాలి. యురేనియం నీళ్లలో ఎక్కువైతే ముందు దెబ్బతినేది కిడ్నీలు, అదీ రేడియేషన్ వల్ల కంటే అది భారలోహం కావడం వల్ల. ఇంకో మాట, రాయలసీమ లాంటి చోట్ల గని లేని ఊళ్లలో కూడా లోతు బోర్లలో సహజంగా కొంత యురేనియం ఉంటుంది. కాబట్టి ఒకసారి పరీక్ష చేసి అంకె చెప్తే సరిపోదు. గని రాకముందు ఆ బోరులో ఎంత ఉంది, ఇప్పుడు ఎంత ఉంది, పైకి ఎగువన ఎంత, కిందికి దిగువన ఎంత, వానాకాలంలో ఎంత, ఎండాకాలంలో ఎంత, ఇవన్నీ పక్కపక్కన పెట్టాలి. సోడియం, సల్ఫేట్ ఎంత ఉన్నాయో కూడా రాయాలి, ఎందుకంటే ఇక్కడ వాడే పద్ధతిలో నీళ్లలోకి ముందు దిగేవి ఉప్పులే. అరటికి ఉప్పు నీళ్లు పడవు, ఆ సంగతి చెప్పడానికి సైంటిస్టు అక్కర్లేదు.

మూడేళ్ల కింద ఒక పెళ్లికి మా వైపు వెళ్లినప్పుడు నా పాత స్టూడెంట్ ఒకడు కలిశాడు. ఇప్పుడు వ్యవసాయం చేస్తున్నాడు. నేను అలవాటు కొద్దీ భారజలం, బండిల్ అని మొదలుపెట్టాను. కాసేపు విని అన్నాడు, "అయివారూ, అదంతా మీరు ఇంటర్‌లోనే చెప్పినారు, నాకు గుర్తుంది. మా బోరు నీళ్లు పిల్లోళ్లకు తాపొచ్చా, వద్దా? ఆ ఒక్కటి చెప్పండి." నా దగ్గర జవాబు లేదు. వాడి దగ్గర ఎవరో వచ్చి నీళ్లు పట్టుకుపోయారంట, ఒకసారి కాదు రెండు మూడు సార్లు. రిజల్ట్ కాగితం ఒక్కసారి కూడా వాడి చేతికి రాలేదు. వాడు భయపడుతున్నది బాంబుకు కాదు, పూటపూటా బిందెలో తెచ్చుకునే నీళ్లకు. ఆ టెన్షన్ ఎలా ఉంటుందో మనం మినరల్ వాటర్ క్యాన్ తెప్పించుకుంటూ ఊహించలేం.

దేశం మొత్తం మీద అణు విద్యుత్ ఇప్పుడు మూడు శాతం దగ్గర ఉంది. 2047 నాటికి దాన్ని లక్ష మెగావాట్లకు పెంచుతామని 2025 బడ్జెట్‌లో కేంద్రం చెప్పింది. కాక్రపార్‌లో 700 మెగావాట్ల కొత్త యూనిట్లు నడుస్తున్నాయి. ఇన్ని రియాక్టర్లు వస్తే ఇంధనం కావాలి, కొంత కజకిస్తాన్, రష్యా లాంటి దేశాల నుంచి కొన్నా, కడప రాయి మీద కన్ను పడకుండా ఉండదు. నిన్న కాక మొన్న, 2024 చివర్లో కర్నూలు జిల్లా కప్పట్రాళ్ల అడవిలో బోర్లు వేస్తారనగానే ఊళ్లకు ఊళ్లు రోడ్డెక్కాయి. ఇలాంటివి ఇంకా వస్తాయి. అప్పుడు మీ విలేకరి రాసే ప్రతి మాటా ఆ ఊళ్లో చదువుతారు, నమ్ముతారు.

కాబట్టి మిమ్మల్ని అడిగేది ఇది. మొదట, ఆ రెండు తప్పులకు సవరణ వేయండి, మూల చిన్న అక్షరాల్లో కాకుండా కథనం వచ్చిన పేజీలోనే. తర్వాత, మీ కడప విలేకరిని పంపి, టెయిలింగ్ పాండ్ చుట్టూ ఉన్న పల్లెల్లో ఇప్పటిదాకా ఎవరెవరు ఏయే బోర్ల నీళ్లు ఏ తేదీన తీసుకున్నారో, ఏం తేలిందో సంపాదించండి. కంపెనీ దగ్గర ఉంటుంది, కాలుష్య నియంత్రణ మండలి దగ్గర ఉంటుంది, పరిశోధన చేసిన యూనివర్సిటీల దగ్గర ఉంటుంది. ఇవ్వకపోతే సమాచార హక్కు కింద అప్లికేషన్ పెట్టండి, ఇవ్వలేదన్న సంగతి కూడా అచ్చు వేయండి. వచ్చినవన్నీ ఊరి పేరు, తేదీ, యురేనియం ఎంత, ఉప్పు ఎంత అని పట్టికగా తెలుగులో వేయండి. అంకెల పక్కన హద్దులు కూడా ఉండాలి. ఆ పట్టిక చూసి అర్థం చెప్పడానికి ఎవరైనా కావాలంటే నేను వస్తాను, బస్సు ఛార్జీలు కూడా నావే. నా ఫోన్ నంబరు, అడ్రసు ఈ ఉత్తరంతో పాటు విడిగా పంపుతున్నాను, అవి అచ్చు వేయొద్దు.

పట్టిక వచ్చిన రోజు పేపర్ ఇంకో కాపీ కొని నా స్టూడెంట్‌కు పోస్టులో పంపుతాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఫిజిక్స్ లెక్చరర్,
ఈసీఐఎల్, హైదరాబాద్